పక్కింటి పాట: 1931 నాటి జపాన్ టాకీ ‘మదాము తో న్యోబో’

ముందే చెప్పేస్తున్నాను, ఈ సినిమా తప్పకుండా చూడండి. నిడివి 56 నిమిషాలే. జపాన్‌లో మొదటి నుంచి చివరిదాకా మాటలూ పాటలూ చప్పుళ్ళూ ఉన్న తొలి టాకీగా దీన్నే చెప్తారు. 1931 ఆగస్టు 1న విడుదలైంది, తీసింది షోచికు కంపెనీ, టోక్యోలోని కామాతా స్టూడియోలో. దర్శకుడు గోషో హెయినోసుకే, రాసింది కితామురా కోమాత్సు. ‘తొలి టాకీ’ అనగానే గౌరవంగా ఓసారి చూసి పక్కన పెట్టేసే సరుకు అనుకుంటాం కదా, నేనూ అలాగే కూర్చున్నాను, పది నిమిషాలకల్లా అది ఎంత పాతదో మర్చిపోయి ఆ రచయిత ఇవాళైనా నాలుగు పేజీలు రాస్తాడా లేదా అనే ఆత్రంలో పడిపోయాను.

పేరు గురించి ఒక మాట. ‘మదాము’ అంటే మనం అనే మేడమే, ‘న్యోబో’ అంటే పెళ్ళాం. మధ్యలో ఉన్న ‘తో’ రెండు పేర్లను కలిపే మాట, అంటే ‘మేడమూ పెళ్ళామూ’ అన్నమాట. మనం తెలుగులో చదివితే ‘మేడంతో పెళ్ళాం’ అని వినిపిస్తుంది, విచిత్రంగా అర్థం పెద్దగా మారదు కూడా. ఇంగ్లిష్‌లో దీన్ని పక్కింటివాడి భార్య, నా భార్య అనే అర్థం వచ్చేలా పిలుస్తారు, అది మాత్రం నాకు నచ్చలేదు, ఎందుకంటే ఆ పేరు వినగానే ఏదో చాటుమాటు వ్యవహారం కథ అనుకుంటారు. అలాంటిదేం లేదు. ఇది ఒక మనిషికి చెవుల్లో పడే చప్పుళ్ళ కథ.

కథ చాలా చిన్నది. షిబానో అనే నాటక రచయితకి ఒక నాటకం రాసే పని దొరుకుతుంది, 500 యెన్‌లు వస్తాయి, ఆ రోజుల్లో అది పెద్ద మొత్తమే. ఊళ్ళో గోల ఎక్కువ, ప్రశాంతంగా కూర్చుని రాసుకోవాలి అని శివార్లలో అద్దె ఇల్లు వెతుక్కుంటూ వస్తాడు. దారిలో బొమ్మ గీసుకుంటున్న ఒక చిత్రకారుడితో మాటా మాటా పెరుగుతుంది, ఇద్దరూ కొట్టుకునేదాకా వస్తారు, అంతలో స్నానశాల నుంచి తిరిగొస్తున్న ఒక సొగసైన ఆవిడ వాళ్ళ మధ్యకి వచ్చి సర్దిచెప్తుంది. ఆవిడే తర్వాత పక్కింటి మేడం అవుతుంది. ఇక భార్యనీ పిల్లల్నీ తీసుకుని ఆ ఇంట్లో దిగుతాడు. దిగాక రాయాలి కదా, రాయడు. స్నేహితులొస్తే మాజాంగ్ అనే పలకల ఆట ఆడతాడు. రాయడానికి కూర్చుంటే పిల్లి అరుస్తుంది. చంటిది ఏడుస్తుంది. మందులమ్మే మనిషి గుమ్మం దగ్గర నిలబడి కదలడు. గడువు దగ్గరపడుతూ ఉంటుంది, భార్య గుర్తుచేస్తూ ఉంటుంది, కాగితం తెల్లగానే ఉంటుంది. అన్నీ సద్దుమణిగాయి అనుకునే వేళకి పక్కింట్లో జాజ్ బ్యాండ్ రిహార్సల్ మొదలవుతుంది.

నాకు ఈ సినిమా మీద ప్రేమ కలిగింది ఇక్కడే. ఒక్కసారి ఆలోచించండి, కంపెనీ చేతికి మొదటిసారి శబ్దం వచ్చింది, జనం టికెట్ కొనేదే ఆ శబ్దం కోసం. అలాంటప్పుడు ఎవరైనా ఏం చేస్తారు, మొదటి రీలు నుంచే వాయిద్యాలూ డైలాగులూ కుమ్మరించేస్తారు. గోషో, కితామురా అలా చేయలేదు, నిశ్శబ్దం కావాలని తపించే మనిషిని తెచ్చి కథానాయకుడిగా పెట్టారు. దాంతో తెర మీద వినిపించే ప్రతి చిన్న చప్పుడుకీ కథలో ఒక పని దొరికింది. పిల్లి అరుపు ఊరికే పిల్లి అరుపు కాదు, వాడి రాత్రిని చెడగొట్టే అరుపు. అది చూపించాల్సిన అవసరం కూడా లేదు, కిటికీ అవతల చీకట్లోంచి వినిపిస్తే చాలు, వాడి ముఖం చూస్తే మనకి అర్థమైపోతుంది. కెమెరాకి కనపడని చోట జరిగేది చెవికి చేర్చి కథ నడపొచ్చు అన్న తెలివి, టాకీ పుట్టి ఇంకా నడక కూడా సరిగ్గా రాని రోజుల్లో వీళ్ళకి వచ్చింది. ఆ రాత్రి సీన్ నేను మూడుసార్లు చూశాను. మధ్యలో కాసేపు ఏ చప్పుడూ లేని ఘడియలు వస్తాయి, అప్పుడు మనమూ వాడితో పాటు ఊపిరి బిగబట్టి కూర్చుంటాం, ఇప్పుడేం వినిపిస్తుందో అని. మూకీ సినిమాలో అలాంటి నిశ్శబ్దం ఉండదు, ఎందుకంటే అక్కడ అంతా నిశ్శబ్దమే కాబట్టి దానికి విడిగా విలువ లేదు. శబ్దం వచ్చాకే నిశ్శబ్దానికి బరువొచ్చింది, ఆ సంగతి ఈ సీన్ చూస్తే మనసుకి పడుతుంది.

ఇది మ్యూజికలేనా అని అడిగేవాళ్ళుంటారు. పది నిమిషాలకో పాట కావాలంటే నిరాశ పడతారు, అది నిజం. పాటలు ఎక్కువగా రెండో సగంలోనే వస్తాయి, పాత్రలు ఉన్నట్టుండి వీధిలో నిలబడి పాడటం లేదు, పాడేవాళ్ళు కథలోనే పాటగాళ్ళు, వాయించేవాళ్ళు కథలోనే బ్యాండ్‌వాళ్ళు. కానీ సంగీతం వల్ల కథ మలుపు తిరిగితే, మనిషి మారితే, అది సంగీత సినిమా కాకపోతే మరేమిటి? నా లెక్కలో ఇది మ్యూజికలే, పాటని కథలోకి ఎంతో ఓపిగ్గా తీసుకొచ్చిన మ్యూజికల్.

ఇక ఆ పక్కింటి సీన్. షిబానో కోపంతో ఊగిపోతూ గొడవ పెట్టుకుందామని వెళ్తాడు. తలుపు తీసేది ఆ రోజు దారిలో కనిపించిన మేడం. ఆ పాత్ర వేసింది దాతే సాతోకో. అప్పటి జపాన్‌లో ‘మొగా’ అనేవాళ్ళు, మోడర్న్ గర్ల్ అన్న మాటని కుదించి, పాశ్చాత్య దుస్తులు వేసుకుని, మగవాళ్ళతో భయం లేకుండా మాట్లాడే పట్నపు యువతుల్ని అలా పిలిచేవారు, ఆ కాలపు పత్రికల నిండా వాళ్ళ గురించిన మాటలే. ఈవిడ అచ్చం ఆ రకం. ఈయన్ని లోపలికి రమ్మంటుంది, కూర్చోబెడుతుంది, మందు పోస్తుంది, పాడుతుంది. పాట పేరు ‘స్పీడ్ కాలం’ అని అర్థం వచ్చేది, పేరుకి తగ్గట్టే పరుగెత్తే పాట. అప్పటిదాకా గది మూలన నలిగిపోయి కూర్చున్న మనిషి కాళ్ళు కదులుతాయి, భుజాలు కదులుతాయి, నోరు కలుస్తుంది. గొడవ మర్చిపోతాడు. వాడు మారే తీరుని గోషో తొందరపడకుండా చూపిస్తాడు, మొదట చెవి ఒప్పుకుంటుంది, తర్వాత ఒళ్ళు ఒప్పుకుంటుంది, చివరికి మనసు. ఇంటికొచ్చి ఆ ఊపులోనే కలం పట్టుకుంటాడు. ఏ చప్పుడు తన పనిని చంపేస్తోంది అనుకున్నాడో ఆ చప్పుడే పని చేయించింది. రాసేవాళ్ళకీ, బొమ్మలేసేవాళ్ళకీ, ఏదో ఒకటి చేయాలని కూర్చుని రోజులు పోగొట్టుకునేవాళ్ళకీ ఈ సీన్ చాలా దగ్గరగా తగులుతుంది. మనకి నిజంగా అడ్డుపడుతున్నది పక్కింటి గోలేనా అని నేను సినిమా ఆపి కాసేపు ఆలోచించాను.

భార్య గురించి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఆ పాత్ర వేసింది తనాకా కినుయో. అప్పటికి ఆమెకి ఇంకా 22 నిండలేదు. తర్వాత దర్శకుడు మిజోగుచి సినిమాల్లో ఆమె ఎంత ఎత్తుకి ఎదిగిందో తెలిసినవాళ్ళకి, 1953లో స్వయంగా దర్శకత్వం కూడా చేపట్టిందని తెలిసినవాళ్ళకి, ఇక్కడ ఆ గొంతు మొదటిసారి వినడం ఒక అనుభవం. మూకీల్లో పేరు తెచ్చుకున్న తారలకి టాకీ అంటే గుండెదడ, ముఖం చూసి ఇష్టపడ్డ జనం గొంతు విని ఏమంటారో అని. ఆమెది షిమొనొసెకి, టోక్యోకి చాలా దూరం, మాటలో ఆ పడమటి యాస పూర్తిగా పోలేదు. అదే ఆమెకి కలిసొచ్చింది. మొగుణ్ణి రాయమని బతిమాలేటప్పుడు, విసుక్కునేటప్పుడు, పక్కింట్లో వాడు మేడంతో కూర్చుని పాడటం చూసి ఉడుక్కునేటప్పుడు, ఆ గొంతులో తెచ్చిపెట్టుకున్నది ఏమీ ఉండదు. స్కూల్లో నేర్చుకున్న ఉచ్చారణతో పలికి ఉంటే ఆ ఇల్లాలు అంత నిజంగా అనిపించేది కాదు.

నాకున్న పెద్ద అభ్యంతరం కూడా ఆమె దగ్గరే ఉంది. సినిమా ఆమెని ఇష్టపడుతుంది కానీ ఆమె పక్షం పూర్తిగా వినదు. పిల్లల్ని చూసుకునేదీ, ఇంటి ఖర్చు గురించి బెంగపడేదీ, గడువు లెక్కపెట్టేదీ ఆమె. మొగుడు పాటలో తేలిపోయి ఇంటికొచ్చేసరికి ఆమె కడుపులో ఉన్న మంట నవ్వులోకి జారిపోతుంది, ఆమెకీ ఒక పాట ఇచ్చి ఉంటే, లేదా కనీసం ఒక పూర్తి నిమిషం ఆమె ఒంటరిగా ఆ పక్కింటి సంగీతం వింటున్నట్టు మన ముందు ఉంచి ఉంటే, ఈ సినిమా ఇంకో మెట్టు పైకి ఎక్కేది. మేడం పాత్ర కూడా పలచనే. ఆవిడ కళ్ళు, దుస్తులు, గొంతు గుర్తుంటాయి, ఆవిడకేం కావాలో మనకి చెప్పరు.

అప్పటి పరిస్థితి కొంచెం తెలిస్తే సినిమా రుచి పెరుగుతుంది. జపాన్‌లో మూకీ సినిమా అంటే నిజానికి మూగది కాదు. తెర పక్కన ‘బెన్షి’ అనే కథకుడు నిలబడి అన్ని పాత్రల మాటలూ తానే పలికేవాడు, కథ చెప్పేవాడు, నవ్వించేవాడు, ఏడిపించేవాడు. కొందరు బెన్షీలకి తారలతో సమానమైన పేరుండేది, సినిమా ఏదన్నది కాక ఇవాళ చెప్పేది ఎవరు అని చూసి హాలుకి వెళ్ళేవాళ్ళు ఉండేవారు. 1929లో అమెరికా టాకీలు వచ్చాయి, 1931 మొదట్లో ‘మొరాకో’ అనే అమెరికా సినిమా జపనీస్ సబ్‌టైటిల్స్‌తో ఆడింది, దాంతో విదేశీ సినిమాలకి బెన్షి అవసరమే తప్పిపోయింది. అదే ఏడాది ఆగస్టులో ఇది వచ్చి జపనీస్ సినిమాకి కూడా అక్కర్లేదు అని చూపించింది. మరుసటి ఏడాది బెన్షీలు సమ్మెకి దిగారు. ఇంత సరదాగా సాగే సినిమా వెనక అంతమంది తిండి పోయిన కథ ఉందని తెలిశాక రెండోసారి చూసినప్పుడు నాకు కొంచెం గొంతు పట్టుకుంది. అలాగని అన్నీ ఒక్కరోజులో మారిపోలేదు, అదే షోచికులో పనిచేసిన దర్శకుడు ఓజు తన మొదటి టాకీని 1936లో గానీ తీయలేదు, 1930ల మధ్య దాకా జపాన్‌లో మూకీలు వస్తూనే ఉన్నాయి.

అంతకుముందు ప్రయత్నాలు లేవని కాదు. 1930లో మిజోగుచి ‘ఫురుసాతో’ తీశాడు, అందులో ఫుజివారా యోషియే అనే పేరున్న టెనర్ గాయకుడే హీరో, పాటల కోసమే ఆయన్ని పెట్టుకున్నారు. అది సగం టాకీ, సగం మూకీ, మధ్యమధ్యలో అక్షరాల కార్డులు వస్తాయి. గాయకుణ్ణి నిలబెట్టి పాడించి దాన్ని రికార్డు చేయడం అక్కడ కనిపిస్తుంది. ఇక్కడ శబ్దంతోనే కథ కట్టారు. రెండూ ఒకదాని తర్వాత ఒకటి చూస్తే ఒక్క ఏడాదిలో ఎంత దూరం వచ్చారో తెలుస్తుంది.

సాంకేతికంగా ఇది పూర్తిగా ఇంట్లో చేసుకున్న వంట. త్సుచిహాషి సోదరులు రూపొందించిన రికార్డింగ్ పద్ధతిని షోచికు వాడింది, అమెరికా యంత్రాలు కొని తెచ్చుకోలేదు. తర్వాత డబ్బింగ్ చేసి అతికించడం లేదు, నటులు మాట్లాడేదీ బ్యాండ్ వాయించేదీ షూటింగ్‌లోనే అక్కడికక్కడే పట్టుకోవాలి. అలా పట్టుకున్న శబ్దాన్ని మధ్యలో ముక్కలు చేయడం కష్టం కాబట్టి ఒకే సీన్‌ని ఒకటికి మించిన కెమెరాలతో ఒకేసారి తీసి, బొమ్మని మాత్రం మార్చుకుంటూ వెళ్ళారు. అందుకే తొలి టాకీల్లో సాధారణంగా కనిపించే కొయ్యబారిన నిలబాటు, అందరూ మైకు చుట్టూ చేరి మాట్లాడటం ఇందులో తక్కువ. అవుట్‌డోర్ సీన్లు ధైర్యంగా తీశారు. ఒక చిన్న సంగతి, కామాతా చుట్టుపక్కల ఫ్యాక్టరీలు పెరిగి ఆ గోల టాకీల రికార్డింగ్‌కి అడ్డుపడటంతో షోచికు 1936లో స్టూడియోని ఓఫునాకి మార్చుకుంది. చప్పుడు భరించలేక శివార్లకి పోయిన రచయిత కథ తీసిన స్టూడియోకి అయిదేళ్ళకి అదే గతి పట్టింది, నాకు ఇది చదివినప్పుడు భలే అనిపించింది.

లోపాలు దాచను. శబ్దం అరిగిపోయి ఉంది, వెనకాల బుస్సుమనే హోరు మొత్తం సినిమా నడుస్తూనే ఉంటుంది, కొన్ని మాటలు మింగేసినట్టు వినిపిస్తాయి. సబ్‌టైటిల్స్ లేకుండా చూడకండి, అలాగే సబ్‌టైటిల్స్ మీదే కళ్ళు పెట్టకండి, ఎందుకంటే అసలు విషయం చెవిలో ఉంది. మందులమ్మే మనిషి సీన్ నాకు సాగినట్టనిపించింది, మాజాంగ్ వ్యవహారం కూడా కొంత తగ్గించొచ్చు. షిబానోగా వేసిన వాతానబే అత్సుషి అక్కడక్కడా మూకీ కామెడీ అలవాటులోనే ఉన్నాడు, కనుబొమ్మలతో చెప్పేసిన విషయాన్ని మళ్ళీ నోటితో చెప్తాడు. కానీ ఇవన్నీ నాకు సినిమాని తగ్గించలేదు. అప్పటివాళ్ళకీ తగ్గించలేదు, ‘కినెమా జుంపో’ పత్రిక ఆ ఏడాది జపాన్ సినిమాల్లో దీనికే మొదటి స్థానం ఇచ్చింది.

వాతానబే పేరు చెప్పాను కాబట్టి ఇంకొకటి. ఈ ముఖాన్ని మీరు చూసే ఉంటారు. దర్శకుడు కురోసావా తీసిన ‘ఇకిరు’లో ఆస్పత్రిలో హీరో పక్కన కూర్చుని కడుపు క్యాన్సర్ లక్షణాలన్నీ వరసగా చెప్పి భయపెట్టే మనిషి ఈయనే. ‘యోజింబో’లో శవపేటికలు చేసేవాడూ ఈయనే. ఆ ముసలాయన ఇక్కడ ముప్ఫైల్లో, పాట వినగానే ఒళ్ళు మర్చిపోయి ఊగుతూ కనిపిస్తుంటే ఎంత బాగుందో.

చివరి సీన్ చెప్పేస్తున్నాను, చూడకముందు తెలియకూడదు అనుకుంటే ఈ పేరా దాటేయండి. నాటకం పూర్తయింది, కుటుంబమంతా పొలాల మధ్య దారిలో నడుస్తుంటారు, ఎండ, ఖాళీ ఆకాశం, పైన విమానం. పక్కింటి నుంచి ‘మై బ్లూ హెవెన్’ వినిపిస్తుంది. అమెరికా పాటే అయినా 1928లో ఫుతామురా తెయిచి జపనీస్‌లో పాడి ఊరూరా పాకించిన పాట అది, చిన్నదైనా మా ఇల్లే సంతోషం అని చెప్పే పాట. మొగుడూ పెళ్ళామూ దానితో గొంతు కలుపుతారు. అంతవరకూ పక్కింటిదిగా ఉన్న పాట ఆ నిమిషంలో వీళ్ళదవుతుంది, పైన నేను ఆమెకి పాట లేదని అన్నది ఇక్కడ కొంత తీరుతుంది, కొంతే. అయితే ఆ విమానం నన్ను వదల్లేదు. గోషోకి అది వేగానికీ కొత్త కాలానికీ గుర్తు, ఆనందం తప్ప ఇంకేం లేదు. కానీ సినిమా విడుదలైన ఏడు వారాలకే, సెప్టెంబర్ 18న, చైనాలోని మంచూరియాని జపాన్ సైన్యం ఆక్రమించడానికి సాకుగా వాడుకున్న ‘మంచూరియా ఘటన’ జరిగింది, ఆ తర్వాత జపాన్ ఎటు పోయిందో అందరికీ తెలుసు. యుద్ధం ముదిరాక ఆ జాజ్‌నే శత్రువు సంగీతం అని నిషేధించారు. ఆ నలుగురూ తలెత్తి విమానాన్ని చూసి నవ్వుతుంటే, వాళ్ళకి తెలియనిది మనకి తెలిసి ఉండటం భరించడం కష్టంగా ఉంది.

ఇది నచ్చితే తర్వాత ఏం చూడాలి అంటే, 1933లో పీసీఎల్ స్టూడియో తీసిన ‘హొరొయొయి జిన్సెయి’ ఉంది, ఒక బీరు కంపెనీ డబ్బుతో తీసింది, నిజంగా మ్యూజికల్ అనే పేరుతోనే వచ్చింది. దానికన్నా నేను ముందు 1939 నాటి ‘ఒషిదోరి ఉతాగస్సెన్’ చూడమంటాను, మాకినో మసాహిరో తీసిన సమురాయ్ కాలపు పాటల సినిమా, అందులో కురోసావా ‘సెవెన్ సమురాయ్’లో ఆ ఏడుగురికీ పెద్దాయనగా వేసిన షిమురా తకాషి హాయిగా పాడతాడు. రెండూ ఇంతకన్నా హంగు ఉన్నవే. కానీ ముందు ఈ 56 నిమిషాలు చూడండి. రాత్రి పూట, ఇల్లంతా పడుకున్నాక, మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి, పిల్లి అరుపు ఎటువైపు నుంచి వచ్చిందా అని నేనైతే ఒక్కసారి కిటికీ వైపు తిరిగి చూశాను.